మాస్కుల బస్తా: రాజురాలో పత్తి రైతులతో, జిన్నింగ్ మిల్లుల వాళ్లతో మాట్లాడిన మాటలు

అందరికీ నమస్కారం. వెనక వరసకి వినిపిస్తోందా? తమ్ముడూ, ఆ ఫ్యాన్ కాస్త తగ్గించు, మైకులో గాలి శబ్దం కొడుతోంది.

మరాఠీలో మాట్లాడదామని రాసుకొచ్చాను. కానీ ఇక్కడ కూర్చున్నవాళ్లలో సగానికి పైగా ఇంట్లో మాట్లాడేది తెలుగే కదా. ఇప్పుడు మహారాష్ట్రలో ఉన్నా, 1956 దాకా మన రాజురా ఆదిలాబాద్ జిల్లాలోదే. అందుకని తెలుగులోనే చెప్తాను, మధ్యలో మరాఠీ మాట దొర్లితే అది మనందరికీ అలవాటే.

నాకిచ్చిన విషయం ఏమిటంటే, పెద్ద కంపెనీలు తమకు సరుకు అందించేవాళ్ల చేత పద్ధతిగా పని ఎలా చేయిస్తాయి అని. పద్ధతిగా అంటే పిల్లల్ని పనిలో పెట్టకుండా, కూలి ఎగ్గొట్టకుండా, మనుషుల ప్రాణాల మీదకి తేకుండా, నేల, నీళ్లు పాడుచేయకుండా. నేను పెద్ద కంపెనీలో ఎప్పుడూ పనిచేయలేదు. ఇరవై రెండేళ్లు ఒక జిన్నింగ్ మిల్లులో, అంటే పత్తి నుంచి గింజ వేరుచేసి దూది తీసే చోట, కాంటా దగ్గర, లెక్కల దగ్గర ఉన్నాను, ఇప్పుడు ఒక రైతుల గుంపుతో పనిచేస్తున్నాను. కాబట్టి కింద నుంచి చూస్తే ఇది ఎలా ఉంటుందో అది చెప్తాను.

ముందు ఒక సంగతి చెప్పాలి, ఇది చెప్పకుండా మిగతాది చెప్పే హక్కు నాకు లేదనిపిస్తుంది.

మా మిల్లుకి మొదటిసారి ఆడిట్, అంటే కొనే కంపెనీల తరఫు తనిఖీ, వచ్చినప్పుడు, రేపు వస్తారనగా సేటు నన్ను పిలిచి బజారుకి పంపాడు. వంద మాస్కులు, యాభై జతల చేతి తొడుగులు, ఒక ఫస్ట్ ఎయిడ్ డబ్బా. పొద్దున ఎనిమిదింటికి ఆడవాళ్లందరికీ నేనే పంచాను. చెత్త ఏరే బల్ల దగ్గర నలభై మంది ఉండేవాళ్లు, పత్తిలో కలిసొచ్చిన ప్లాస్టిక్ సంచుల దారాలు, వెంట్రుకలు, ఎండుటాకు ముక్కలు ఏరి పక్కన పడేసే పని. ఆడిటర్ వచ్చాడు, హిందీలో నాలుగు ప్రశ్నలు అడిగాడు, వీళ్లు ముందే నేర్పిన జవాబు చెప్పారు, ఆయన ఫోటోలు తీసుకున్నాడు, భోజనం చేశాడు, వెళ్లిపోయాడు. ఆయన కారు గేటు దాటగానే నేనే ఖాళీ బస్తా పట్టుకుని ఆ నలభై మంది ముందూ తిరిగి మాస్కులు వెనక్కి తీసుకున్నాను, వచ్చే ఏడాది ఆడిట్‌కి పనికొస్తాయని. జివతి వైపు నుంచి వచ్చే ఒక అక్క మాస్కు విప్పి, బస్తాలో వేసే ముందు దాన్ని తిరగేసి నాకు చూపించింది. లోపలి వైపు తెల్లగా ఉంది. బయటి వైపు ఒక్క రోజులోనే బూడిదరంగుకి తిరిగింది. ఏమీ అనలేదు, బస్తాలో వేసింది.

ఆ బూడిదరంగు అంతకుముందు రోజు దాకా ఎక్కడికి పోయింది? ఆమె ఊపిరితిత్తుల్లోకి. ఏళ్ల తరబడి. పత్తి దుమ్ముతో వచ్చే జబ్బుకి బిస్సినోసిస్ అని పేరుంది. ఆదివారం సెలవు తీసుకుని సోమవారం పనిలోకి రాగానే ఛాతీ బిగపట్టినట్టు అవుతుంది, వారం గడిచేకొద్దీ కాస్త తగ్గుతుంది, అందుకే మనవాళ్లు దాన్ని ఒంట్లో బద్ధకం అనుకుంటారు. ఏళ్లు గడిస్తే ఆ బిగుతు ఇక పోదు. ఆ రోజు ఆడిట్‌లో మా మిల్లు పాసయింది.

ఇప్పుడు ఈ ఆడిట్లు అసలు ఎక్కడి నుంచి వచ్చాయో చూద్దాం. మన దగ్గర క్వింటా పత్తి ఆడిస్తే 34, 35 కిలోల దూది వస్తుంది, 170 కిలోల బేలు ఒకటి కట్టాలంటే దాదాపు అయిదు క్వింటాళ్ల పత్తి కావాలి. ఆ అయిదు క్వింటాళ్లలో నలుగురైదుగురు రైతుల పత్తి కలిసి ఉంటుంది. ఆ బేలు స్పిన్నింగ్ మిల్లుకి పోయి ఇంకో పది ఊళ్ల బేళ్లతో కలుస్తుంది, నూలవుతుంది, బట్టవుతుంది, ఎక్కడో చొక్కా కుడతారు, దానిమీద ఒక కంపెనీ తన లేబుల్ వేసి అమ్ముతుంది. ఆ కంపెనీకి చొక్కా కుట్టిన ఫ్యాక్టరీ తెలుసు. దానికి బట్ట ఇచ్చినవాళ్లు కొంత తెలుసు. మనం మాత్రం తెలియదు, చెత్త ఏరే అక్క అయితే అసలే తెలియదు. అయినా ఆ చొక్కా ధర ఎంతో తేల్చేది ఆ కంపెనీయే, ఆ ధర ఒక్కో మెట్టూ దిగుతూ దిగుతూ వచ్చి చివరికి ఆ అక్క కూలి ఎంతో తేలుస్తుంది.

మొదట్లో ఈ కంపెనీలన్నీ చెప్పిన మాట ఒకటే, ఫ్యాక్టరీ మాది కాదు, మేం కొనుక్కునేవాళ్లం మాత్రమే అని. 1991లో లెవీ స్ట్రాస్, అదే జీన్స్ కంపెనీ, సప్లయర్లు ఎలా ఉండాలో ఒక నియమావళి రాసింది. ఇంత పెద్ద కంపెనీల్లో అలాంటిది రాసిన మొదటివాళ్లు వాళ్లే అంటారు. తర్వాత బంగ్లాదేశ్‌లో వాళ్లకి కుట్టే ఫ్యాక్టరీల్లో చిన్నపిల్లలు దొరికారు. అక్కడ వాళ్లు చేసిన పని నాకు చాలా నచ్చుతుంది. పిల్లల్ని బయటికి పంపేసి చేతులు దులుపుకోలేదు. పంపేస్తే ఆ ఇంట్లో తిండి ఆగిపోతుంది, పిల్ల ఇంకా ఘోరమైన పనిలోకి పోతుంది. అందుకని ఫ్యాక్టరీ వాళ్లు ఆ పిల్లలకి కూలి ఇస్తూనే ఉండాలి, కంపెనీ ఫీజులు, పుస్తకాలు, యూనిఫాం ఖర్చు పెట్టుకుంటుంది, పద్నాలుగేళ్లు నిండాక కావాలంటే మళ్లీ ఉద్యోగం ఇవ్వాలి, ఇదీ ఒప్పందం. ఎవరి వంతు ఖర్చు ఎంతో అక్కడే తేలిపోయింది చూడండి. మిగతా కథలన్నీ వినేటప్పుడు ఇది గుర్తుంచుకోండి, ఖర్చు ఎవరు పెట్టుకున్నారు అన్నది.

నైకీ కథ మీలో చాలామందికి తెలిసే ఉంటుంది. 1990లలో వాళ్ల బూట్లు చేసే ఫ్యాక్టరీల మీద గొడవ గొడవ అయింది, విద్యార్థులు రోడ్డెక్కారు, 1998లో ఆ కంపెనీ అధిపతి ఫిల్ నైట్ తనే స్టేజీ ఎక్కి, తమ పేరు చెబితే జనానికి బానిస కూలి, బలవంతపు ఓవర్‌టైమ్ గుర్తొచ్చే పరిస్థితి వచ్చిందని ఒప్పుకున్నాడు. 2005లో తమ ఫ్యాక్టరీల పేర్లూ అడ్రసులూ బయటపెట్టారు. అప్పటినుంచి మిగతావాళ్లూ కదిలారు. ఐకియా వాళ్లది 2000 నుంచే ఐవే అని ఒక నియమావళి ఉంది, అందులో కొన్ని షరతులు ముందే తీరాలి, అవి తీరకపోతే వ్యాపారమే మొదలవదు.

అంటే కాగితాలకి కొదవ లేదు. మరి కాగితం మనిషిని కాపాడిందా?

2012 సెప్టెంబర్ 11న కరాచీలో అలీ ఎంటర్‌ప్రైజెస్ అనే బట్టల ఫ్యాక్టరీ తగలబడింది. కిటికీలకి ఇనుప ఊచలు, తలుపులకి తాళాలు. 250 మందికి పైగా చనిపోయారు. ఆ ఫ్యాక్టరీకి కార్మికుల భద్రత బాగుందని పేరున్న సర్టిఫికెట్ ఇచ్చి అప్పటికి కొన్ని వారాలే. మరుసటి ఏడాది, 2013 ఏప్రిల్ 24న, ఢాకా పక్కన సావర్‌లో రాణా ప్లాజా కూలింది. ముందు రోజే గోడల్లో, స్తంభాల్లో పగుళ్లు వచ్చాయి. కింద ఉన్న బ్యాంకు వాళ్లు తమ వాళ్లని రావద్దన్నారు. పైన ఉన్న బట్టల ఫ్యాక్టరీల వాళ్లు మాత్రం కూలీలని రమ్మన్నారు, రాకపోతే జీతం పోతుందన్నారు. ఆర్డర్ టైముకి పోవాలి కదా. 1,134 మంది చనిపోయారు. ఆ బిల్డింగులోని ఫ్యాక్టరీల్లో కొన్నిటికి అంతకుముందు ఆడిట్లు జరిగాయి. ఆడిట్ ఫారంలో బిల్డింగు గట్టిదా కాదా అనే ప్రశ్నకి చోటు లేదు.

నేనా వార్త టీవీలో చూసినప్పుడు మా మిల్లు గోడౌన్ గుర్తొచ్చింది. పత్తి కుప్పల మధ్య ఒకే ఒక దారి, ఆ దారిలోనే కరెంటు వైర్లు. మంటలంటే జిన్నింగ్ వాళ్లకి ఎంత భయమో ఇక్కడ చెప్పనక్కర్లేదు.

కానీ రాణా ప్లాజా తర్వాత ఒక మంచి పని జరిగింది, దాని దగ్గర కాస్త ఆగుదాం. అకార్డ్ అని ఒక ఒప్పందం రాసుకున్నారు, ఒకవైపు బ్రాండ్లు, ఇంకోవైపు కార్మిక సంఘాలు. 200కి పైగా బ్రాండ్లు సంతకాలు పెట్టాయి. అది పాత నియమావళి లాంటిది కాదు, కోర్టులో నిలబడే ఒప్పందం. తనిఖీకి వచ్చేది ఫ్యాక్టరీ ఓనర్ ఎంచుకున్న ఆడిటర్ కాదు, విడిగా పెట్టిన ఇంజనీర్లు. వాళ్ల రిపోర్టు అందరూ చూసేలా బయటపెట్టాలి. మరమ్మతుకి డబ్బు లేదని ఓనర్ అంటే దారి చూపించే బాధ్యత బ్రాండుది కూడా. పని చేసే చోటు ప్రమాదమనిపిస్తే లోపలికి పోనని చెప్పే హక్కు కార్మికుడిది. ఈ అయిదూ కలిసి ఉన్నాయి కాబట్టే వేలకొద్దీ లోపాలు నిజంగా సరిచేశారు, తలుపుల తాళాలు తీశారు, మంటకి తట్టుకునే తలుపులు పెట్టారు. ఒక్కటి తీసేసినా మిగతా నాలుగూ నిలబడేవి కావని నా నమ్మకం.

ఎంఐటీలో రిచర్డ్ లాక్ అనే ప్రొఫెసర్, ఆయన బృందం, నైకీ చేయించిన ఆడిట్ల లెక్కలే తీసుకుని కూర్చున్నారు. 1998 నుంచి 2005 దాకా, 51 దేశాలు, 800కి పైగా ఫ్యాక్టరీలు. ఏళ్ల తరబడి తనిఖీలు చేసినా చాలా ఫ్యాక్టరీల్లో పరిస్థితి పెద్దగా మారలేదని, కొన్నిచోట్ల దిగజారిందని తేలింది. మెక్సికోలో రెండు ఫ్యాక్టరీలని పక్కపక్కన పెట్టి చూశారు, ఆడిట్ మార్కులు రెండిటికీ దాదాపు ఒకటే, కానీ ఒకచోట కూలి మెరుగు, ఓవర్‌టైమ్ మీద మనిషి మాట చెల్లుతుంది, ఇంకోచోట అదేమీ లేదు. తేడా ఎక్కడంటే, మొదటి ఫ్యాక్టరీకి కంపెనీ మనుషులు మాటిమాటికీ వచ్చేవాళ్లు, ఉత్పత్తి ఎలా పెంచాలి, ఆర్డర్ ఎలా సర్దుకోవాలి అని కలిసి కూర్చునేవాళ్లు. ఏడాదికోసారి పోలీసులా వచ్చి ఫారం నింపుకుని పోవడానికీ, చుట్టంలా వచ్చి పని నేర్పడానికీ ఉన్న తేడా అది.

ఇక మనకి దగ్గరి సంగతి. మనం వేసే విత్తనం గురించి.

హైబ్రిడ్ పత్తి విత్తనం ఎలా తయారవుతుందో ఇక్కడ కొందరికే తెలుసు. ఒక్కో పువ్వునీ చేత్తో విప్పి, సాయంత్రం మగ భాగం తీసేసి, మర్నాడు పొద్దున ఇంకో రకం పువ్వు పుప్పొడి దానికి రుద్దాలి. క్రాసింగ్ అంటారు. ఎకరంలో వేలకి వేలు పూలు, నెలల తరబడి రోజూ ఇదే పని. కర్నూలు, మహబూబ్‌నగర్ జిల్లాల్లో ఈ పని చేసింది ఎక్కువగా పదేళ్లు, పన్నెండేళ్ల ఆడపిల్లలు. చెట్టు పిల్ల ఎత్తుకి సరిపోతుంది, వేళ్లు సన్నగా ఉంటాయి అని చెప్పేవాళ్లు. అసలు కారణం కూలి. దవులూరి వెంకటేశ్వర్లు గారనే పరిశోధకుడు ఏళ్లపాటు ఆ పొలాల్లో తిరిగి లెక్క తీశారు. కంపెనీ ఇచ్చే విత్తనం రేటుతో పెద్దవాళ్లకి పెద్దవాళ్ల కూలి ఇస్తే రైతుకి మిగలదు. కంపెనీకీ రైతుకీ మధ్య ఆర్గనైజర్ ఒకడుంటాడు, కంపెనీ ఏమో మాకూ పొలానికీ సంబంధం లేదంటుంది.

విదేశాల్లో గొడవయ్యాక, పిల్లల్ని పని మాన్పించి బడికి పంపే ఎంవీ ఫౌండేషన్ లాంటి సంస్థలు గట్టిగా పట్టుకున్నాక, బేయర్, మోన్‌శాంటో లాంటి కంపెనీలు మాటలకి కూర్చున్నాయి. అప్పుడు తేలినవి చూడండి. పిల్లలు లేకుండా పండించిన రైతుకి కొనుగోలు రేటు మీద 5 శాతం అదనం. పిల్లలు కనిపిస్తే ముందు హెచ్చరిక, మళ్లీ కనిపిస్తే రేటులో కోత, తర్వాత ఒప్పందం రద్దు. పొలాల తనిఖీ కంపెనీ మనుషులు ఒక్కరే చేయకుండా బయటి సంస్థలతో కలిసి చేయడం. ఎకరానికి దిగుబడి పెంచే శిక్షణ. ఊళ్లో బడి మానేసిన పిల్లల కోసం చదువు ఏర్పాటు. ఆ కంపెనీల పొలాల్లో పిల్లల సంఖ్య బాగా తగ్గింది. పూర్తిగా పోయిందని నేను చెప్పను, చిన్న కంపెనీల కిందికి, వేరే రాష్ట్రాలకి పని మళ్లిన సంగతీ ఉంది. కానీ ఇరవై ఏళ్ల ఉపన్యాసాలతో కదలనిది ఆ అయిదు శాతంతో, ఆ బడితో, ఆ తనిఖీతో కదిలింది. ఈ మూడూ ఒకేసారి పొలంలోకి రావాలి. రేటు పెంచకుండా తనిఖీ ఒక్కటే వస్తే ఏమవుతుందో నాకు తెలుసు, జీపు చప్పుడు వినగానే పిల్లలు పక్క చేలోకి పరిగెడతారు.

పెన్‌గంగ నది దాటితే వణి, అది యవత్మాల్ జిల్లా. 2017లో అక్కడ జరిగింది మీ అందరికీ తెలుసు, కొందరికి సొంత బంధువులే. పత్తి మీద మందు కొడుతూ 20 మందికి పైగా చనిపోయారు, వందల మంది ఆసుపత్రి పాలయ్యారు. ఆ ఏడాది చెట్టు మనిషి తల దాటి పెరిగింది, పురుగు ఎక్కువ, రెండు మూడు మందులు కలిపి పవర్ పంపుతో కొట్టారు, మందు గాలికి తిరిగి మొహం మీదే పడింది. కొట్టినవాళ్లలో చాలామంది కూలికి పోయినవాళ్లు. తర్వాత ప్రభుత్వం అయిదు మందులని కొంతకాలం ఆపేసింది. ఆ తర్వాత మన ఊళ్లకి ఎవరు వచ్చినా చెప్పింది ఒకటే, బట్టలు, కళ్లద్దాలు, బూట్లు వేసుకోండి అని. వేసుకోవాలి, నేను కాదనను. కానీ ఆగస్టు ఉక్కలో ఆ ప్లాస్టిక్ కోటు వేసుకుని పంపు వీపున పెట్టుకుని ఒక్క గంట నడిచి చూడండి, పది నిమిషాలకే చెమటకి కళ్లు కనపడవు. మందు కొట్టడాన్నే తగ్గించే దారి నేర్పిన చోట మనుషులు బతికారు. లింగాకర్షక బుట్టల్లో పురుగు లెక్క చూసుకుని అవసరమైతేనే కొట్టడం, పంట అయ్యాక గులాబీ పురుగుకి ఆశ్రయం ఇవ్వకుండా కట్టెని జనవరిలోగా తీసేయడం, మందుల దుకాణం వాడి మాట మీద నాలుగు రకాలు కలపకపోవడం. ఇది నేర్పడానికి ఒక మనిషి వారం వారం ఊరికి రావాలి. ఆ మనిషి జీతం ఎవరిస్తారు అన్నదే అసలు ప్రశ్న.

ఆ మూల అక్క చెయ్యెత్తారు. అడగండి అక్కా. సరే, మైకు అందలేదు, నేను చెప్తాను, ఆవిడ అడిగేదేంటంటే, ఇదంతా చేస్తే మాకు క్వింటాకి ఎంత ఎక్కువొస్తుంది అని.

సూటిగా అడిగారు, సూటిగానే చెప్తాను. బెటర్ కాటన్ అని ఒక కార్యక్రమం ఉంది, 2009 నుంచి నడుస్తోంది, ఇక్కడ చాలా ఊళ్లలో ఉంది. 35 మంది దాకా రైతులు ఒక గుంపు, అలాంటి కొన్ని గుంపులకి కలిపి ఒక ఫీల్డ్ మనిషి, రికార్డు పుస్తకం. బట్టల కంపెనీలు తాము కొన్న దూది లెక్కన ఫీజు కడతాయి, ఆ డబ్బు ఈ శిక్షణకి పోతుంది. అంటే నేను ఇందాక అడిగిన జీతం అక్కడి నుంచి వస్తుంది. కానీ రైతుకి ఇంత ఎక్కువ రేటు ఇస్తామన్న హామీ అందులో లేదు. మందుల ఖర్చు తగ్గితే అది మీ మిగులు. ఈ మాట గుంపులో చేర్చుకునే రోజే చెప్పాలి, చాలామంది ఫీల్డ్ వాళ్లు చెప్పరు, తర్వాత రైతు మోసపోయాననుకుంటాడు.

ఇంకొకటి. పొలం నుంచి మా మిల్లు దాకా ఆ పత్తిని విడి కుప్పగా ఉంచాలి, మిగతా పత్తితో కలపకూడదు. మిల్లు దాటాక మాత్రం చాలావరకు లెక్కలోనే విడిగా ఉంటుంది, బేలు బేలుతో కలిసిపోతుంది. ఫలానా చొక్కాలో మన రాజురా పత్తి ఉందా అంటే ఆ లెక్కతో చెప్పలేం. 2023 చివర నుంచి బేలు వెంట జాడ పట్టుకునే పద్ధతి కూడా పెట్టారు. జాడ ఎందుకు ముఖ్యమంటే, 2020లో మన దేశంలో 20,000 టన్నుల పత్తికి కొందరు దొంగ ఆర్గానిక్ కాగితాలు పుట్టించిన సంగతిని, ఆర్గానిక్ బట్టలకి ప్రమాణాలు పెట్టే గాట్స్ సంస్థ వాళ్లు పట్టుకుని పదకొండు కంపెనీలని నిషేధించారు. నిజంగా మందు లేకుండా పండించిన రైతు పొట్ట మీద కొట్టిన పని అది.

ఇప్పుడు మిల్లుల వాళ్లతో ఒక మాట, ఎందుకంటే నేనూ ఆ కుర్చీలోనే కూర్చున్నాను. మాకు ఒక కొనుగోలుదారు నాలుగు నెలలు డబ్బు ఆపాడు. అతని గోడ మీద బాధ్యత గురించి పెద్ద బోర్డు, దానికింద మా బిల్లు. ఆ నాలుగు నెలల్లో చెత్త ఏరే ఆడవాళ్లకి వారం కూలి వచ్చే వారం, ఆ వచ్చే వారం అని చెప్పింది నేనే. చెప్పేటప్పుడు వాళ్ల మొహం చూడలేక రిజిస్టర్ చూస్తూ చెప్పేవాణ్ని. పైవాడు టైముకి డబ్బు ఇవ్వకపోతే కిందివాడి మంచితనం ఎన్నాళ్లు నిలుస్తుంది? కొనే కంపెనీ బాధ్యతలో మొదటిది బిల్లు టైముకి కట్టడం, ఆ తర్వాతే మిగతా నియమాలు.

దీనికి చట్టం ఉంది, వాడుకోండి. 2006 నాటి ఎంఎస్ఎంఈ చట్టం ప్రకారం సూక్ష్మ, చిన్న పరిశ్రమకి సరుకు అందిన 45 రోజుల్లోగా డబ్బు కట్టాలి, రాత ఒప్పందం లేకపోతే 15 రోజుల్లోనే. ఆలస్యమైతే రిజర్వ్ బ్యాంకు రేటుకి మూడింతల వడ్డీ. 2024 ఏప్రిల్ నుంచి ఆదాయపు పన్నులో కూడా మెలిక పెట్టారు, గడువులోగా కట్టని బిల్లుని కొనేవాడు కట్టిన ఏడాది దాకా ఖర్చు కింద చూపించుకోలేడు. జిన్నింగ్ తయారీ పని కాబట్టి ఉద్యమ్ అనే ప్రభుత్వ పోర్టల్‌లో నమోదైన చిన్న మిల్లుకి ఇది వర్తిస్తుంది. ఉత్త వ్యాపారం చేసే అడ్తి దుకాణాలకి ఈ రక్షణ రాదు, పొరబడకండి.

షేర్ మార్కెట్‌ని అదుపులో పెట్టే సెబీ కూడా ఇప్పుడు అడుగుతోంది. 2022-23 నుంచి మార్కెట్‌లో పెద్దవైన వెయ్యి కంపెనీలు తమ బాధ్యత రిపోర్టు తప్పనిసరిగా ఇవ్వాలి. అందులో మొదటి 250 కంపెనీలు తమ సప్లయర్ల సంగతి కూడా చెప్పే ఏర్పాటు 2025-26 నుంచి పెట్టారు, కొనుగోళ్లలో 2 శాతం, ఆపైన వాటా ఉన్నవాళ్ల వివరాలు, మొదట అది వాళ్ల ఇష్టానికే వదిలారు. మనలాంటి చిన్న మిల్లు ఆ రెండు శాతంలోకి రాదు. కానీ మన దగ్గర కొనే స్పిన్నింగ్ మిల్లు రావచ్చు, వాళ్లు ఆ ఫారం తెచ్చి మన బల్ల మీద పెడతారు. పెట్టినప్పుడు టెన్షన్ పడి అన్ని గడుల్లోనూ 'ఉంది' అని రాసేయకండి. లేనిది లేదని రాసి, ఇది పెట్టాలంటే ఇంత ఖర్చు, ఇందులో మీ వంతు ఎంత అని అదే కాగితం మీద అడగండి. నేను అలా అడిగిన మొదటిసారి ఫోన్ పెట్టేశారు. రెండోసారి దుమ్ము లాగే ఫ్యాన్లకి సగం అడ్వాన్స్ ఇచ్చి బేళ్ల లెక్కలో కోసుకున్నారు. ఆ ఫ్యాన్లు వచ్చాక బల్ల దగ్గర నిలబడితే అవతలి గోడ కనిపించింది.

చివరగా ఆ జివతి అక్క సంగతి చెప్పి ఆపుతాను. మాస్కుల బస్తా జరిగిన నాలుగేళ్లకి కొనే కంపెనీ నుంచి ఒక అమ్మాయి వచ్చింది. ఫారం పక్కన పెట్టి, నన్నూ సేటునీ బయటికి పొమ్మని, తెలుగూ గోండీ వచ్చిన ఒక ఆశా కార్యకర్తని వెంటబెట్టుకుని ఆడవాళ్లతో రెండు గంటలు కూర్చుంది. మాస్కులు అడుగుతారనుకున్నాను. వాళ్లు అడిగింది రెండు. కూలి ఆదివారం సంతకి ముందే, శనివారం సాయంత్రం ఇవ్వాలి. మరుగుదొడ్డి తలుపుకి లోపల గొళ్లెం కావాలి. గొళ్లెం లేక వాళ్లు పొద్దుటి నుంచి సాయంత్రం దాకా నీళ్లు తాగడం మానేశారట, ఎన్ని సీజన్ల నుంచో. 'మరుగుదొడ్డి ఉందా' అనే గడిలో ప్రతి ఏడూ 'ఉంది' అని రాసింది నా చెయ్యే. గొళ్లెం నూట ఇరవై రూపాయలు. ఆ మధ్యాహ్నమే బజారుకి పోయి తెచ్చి నేనే బిగించాను.

ఇక ప్రశ్నలు. ముందు వరసలో ఉన్న సేట్లు కాసేపు ఆగండి. తమ్ముడూ, ఆ మైకు తీసుకుని ముందు ఆ మూల ఆడవాళ్ల దగ్గరికి వెళ్లు.